‘ఇంత’ అనగా ఎంత?

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో పెరుగు మీద మీగడ కనిపించలేదు.

ఇదొక చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే వారికి మా ఇంటి రాజ్యాంగం తెలియదని అర్థం. గుడివాడలో మా ఇంట పెరుగు మీది మీగడ మా మావగారు వెంకటాద్రి గారిది. ఆయన డిప్యూటీ తాసిల్దారుగా ఉన్నన్నాళ్ళూ ఆయనదే, రిటైరయ్యాక కూడా ఆయనదే. పింఛనుతో పాటు సంక్రమించిన హక్కుల్లో అదొకటి. మీగడ కింది గట్టి పెరుగు కొడుకులిద్దరిది. ఆ కిందిది పిల్లలది. గిన్నె కడిగిన మజ్జిగ మాత్రం మా అత్తగారు నాంచారమ్మ గారికీ, పెద్దకోడలినైన నాకూ, చిన్నకోడలు వీరలక్ష్మికీ ఉమ్మడి ఆస్తి. ఈ పంపకం మీద ఇంతవరకు ఎవరూ అప్పీలుకు వెళ్ళలేదు.

"మీగడేదీ?" అన్నారు మావగారు, గిన్నె వంచి చూసి.

"పిల్లి గాని తిందేమోనండీ," అంది అత్తగారు.

"తిని, మళ్ళీ మూత పెట్టి వెళ్ళుద్దా అమ్మా?" అన్నాడు మా మరిది నరసింహారావు. రైసుమిల్లులో గుమస్తా కావడం వల్ల అతనికి పిల్లుల నడవడి గురించి కొంత అవగాహన ఉంది.

"పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడు. వాణ్ణి మాన్పించేద్దాం," అన్నారు మా వారు ఈశ్వరప్రసాద్. ఆయన కరెంటాఫీసులో పనిచేస్తారు. ఎక్కడ ఏ లోపమొచ్చినా ముందు సరఫరా ఆపేయడం ఆయన పద్ధతి.

"నీళ్ళు కలిపితే మీగడ పలచబడుద్ది గాని అసలు లేకుండా పోదురా," అన్నారు మావగారు. అక్కణ్ణించి చర్చ పాలవాడి నిజాయితీ మీదికీ, పక్కింటి పిల్లి మీదికీ, చివరికి నా పర్యవేక్షణ మీదికీ వచ్చింది. ముగ్గురి చేతులకూ అన్నం ఎండిపోయింది.

అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డ వీరలక్ష్మి, "నేనే తిన్నానండి," అంది.

మూడు తలలూ గిన్నె మీంచి గుమ్మం వైపు తిరిగాయి.

"ఆకలేసింది," అంది మళ్ళీ.

ఈ ఇంటికి కోడళ్ళు రావడం మొదలైన నాటి నుంచి ఆ మాట అక్కడ వినబడడం అదే మొదలు. మా ఇంటి కోడళ్ళకు తలనొప్పి వస్తుంది, నడుం నొప్పి వస్తుంది, పండక్కి పుట్టింటి వాళ్ళు రాకపోతే కన్నీళ్ళు వస్తాయి. ఆకలి రాదు. మావగారికి కోపం కంటే విస్మయం ఎక్కువైంది.

"ఆకలేస్తే అడగాలి గాని, అలా గిన్నెలో చెయ్యి పెట్టేస్తారటమ్మా?"

"ఎవర్నడుగుద్దండీ? మీరింకా పీట మీద కూచోందే!" అంది అత్తగారు. అని, తను ఎవరి పక్షం మాట్లాడిందో గ్రహించి నాలిక కరుచుకొని, కోడలి వైపు తిరిగి, "నువ్వు మాత్రం? కాసేపు ఓర్చుకోకూడదూ?" అని తూకం సరిచేసింది.

తగువు అంతటితో ఆగింది. మావగారు చెయ్యి కడుక్కుని సిల్కు లాల్చీ తొడుక్కోవలసిన వేళయింది. సాయంత్రం ఆయన ఒక ప్రారంభసభకు అధ్యక్షత వహించాలి. ఆ సంస్థ పేరు కృష్ణా డెల్టా మహిళా పోషకాహార అభ్యుదయ సంఘం.

ఈ సంఘం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. ఉప్పెన వచ్చి వెళ్ళాక దివిసీమలో ఇళ్ళ కంటే ముందు సంఘాలు లేచాయి. దుప్పట్లు పంచే సంఘం, తపేలాలు పంచే సంఘం, ఈ రెండూ తగాదా పడకుండా చూసే సంఘం. ఏడాది తిరిగేసరికి సేవ చేయదలచిన పెద్దమనుషులకు విషయాలు దొరకడం కష్టమైంది. మావగారు చాలా వెతికారు. చివరికి ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి మిగిలి ఉన్నట్టు కనుక్కున్నారు: ఆడవాళ్ళ తిండి.

సంఘానికి ఆయన అధ్యక్షులు. మా వారు కార్యదర్శి. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే బసవపున్నయ్య గారు సలహాదారు. బందరులో కలంకారీ దుప్పట్ల వ్యాపారం చేసే నాగుల్ మీరా గారు ఉపాధ్యక్షులు. కార్యవర్గంలోకి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కూడా తీసుకుంటే బాగుంటుందేమోనని నాగుల్ మీరా గారు ఒకసారి అన్నారు. ఆ సూచనను అందరూ హర్షించారు. అయితే సమావేశాలు భోజనాల వేళకు పెట్టుకోవడం అప్పటికే నిర్ణయమైంది. ఆ వేళ ఆడవాళ్ళకు వంటింట్లో తీరిక ఉండదు. అందుచేత వారి సౌకర్యార్థం వారిని మినహాయించారు.

ఇక వీరలక్ష్మి సంగతి. ఆ పిల్లకప్పుడు ఆరో నెల. లేడీ డాక్టరు దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. డాక్టరమ్మ వీరలక్ష్మి కింది రెప్ప లాగి చూసి, మా మరిదితో సూటిగా చెప్పింది. "ఒంట్లో రక్తం లేదు. పాలు, గుడ్డు, ఆకుకూర పెట్టండి. వేడన్నం వేళకు పెట్టండి. అందరికంటే ఆఖర్న కాదు, అందరికంటే ముందు. ఇలాగే ఉంటే కానుపునాడు తల్లికీ బిడ్డకీ నేను హామీ ఇవ్వలేను." మా మరిది శ్రద్ధగా విన్నాడు. ఇంటికొచ్చి, "బలానికి ఏదో టానిక్కు రాసిందమ్మా," అని క్లుప్తంగా నివేదించాడు. నేను కల్పించుకొని మిగతాది చెప్పాను. అందరూ తలలూపారు. టానిక్కు కొన్నారు. పెట్టవలసిన వేళ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. దానికి కారణం దయలేకపోవడం కాదు, శాఖాపరమైన ఇబ్బంది.

మనలో గర్భిణి పోషణ పుట్టింటి శాఖకు చెందుతుంది. ఏడో నెలలో తల్లి వచ్చి పిల్లను తీసుకెళ్తుంది. అక్కడ మూడు నాలుగు నెలలు కూర్చోబెట్టి నేతితో, గుడ్లతో, సున్నుండలతో అంతవరకు జరిగిన లోటంతా పూడ్చి, బిడ్డతో సహా తిప్పి పంపిస్తుంది. ఈ ఏర్పాటు ఉంది గనకే అత్తవారిళ్ళు ఇంత నిశ్చింతగా నడుస్తున్నాయి. వీరలక్ష్మి పుట్టిల్లు నాగాయలంక అవతల. ఆ శాఖ, శాఖాధిపతి అయిన తల్లితో సహా, ఉప్పెనలో కొట్టుకుపోయింది. తండ్రి, తమ్ముడు బతికి బయటపడి తాటాకు పాకలో ఉంటున్నారు. బాధ్యత ఎవరికి బదిలీ అయినట్టో ఉత్తర్వులు లేవు. ఉత్తర్వులు లేకుండా ఏ పనీ చేయకపోవడం మావగారి సర్వీసులో మచ్చలేని అంశం.

ప్రారంభసభకు హైదరాబాదు నుంచి కనకరత్నం గారనే పోషకాహార అధికారిణి వచ్చారు. నేత చీర, చేతిలో ఒక సంచి, తక్కువ మాటలు. అందరి ఉపన్యాసాలూ విని, ఒక్కటే అడిగారు.

"మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పూటకి ఎంత తింటారండీ?"

వేదిక మీది పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు.

"తెలీకపోతే ఫర్వాలేదు. నెలాఖరున బందరులో సభ పెడుతున్నారుగా, అప్పటికి కనుక్కుని చెప్పండి. అది తెలిస్తే మీ సంఘానికి ఏం సాయం చెయ్యొచ్చో నేను పైవాళ్ళకి రాస్తాను," అని ఆవిడ రైలెక్కారు.

మర్నాడే మా హాల్లో కార్యవర్గం సమావేశమైంది. నేనూ వీరలక్ష్మీ గారెలు వేసి పంపుతూ ఉన్నాము గనక చర్చ అంతా వినబడింది.

"ఇదేం ప్రశ్నండీ, ఇంట్లో చూసి చెప్పేస్తే సరిపోయె," అన్నారు మావగారు. "ప్రసాదూ, మీ అమ్మ ఎంత తింటుందిరా?"

"అమ్మ తినడం నేనెప్పుడూ చూళ్ళేదు నాన్నా. మీరు చూసుంటారుగా?"

మావగారు గారె ముక్క పట్టుకుని కాసేపు ఆలోచించారు. "పెళ్ళినాడు పంక్తిలో నా పక్కన కూచున్నట్టు జ్ఞాపకం. అప్పుడైనా తిన్నదో లేదో మరి, తల వంచుకుని ఉంది."

"మా ఇంట్లో ఆవిడ తింటుందనడానికి పరోక్ష సాక్ష్యం ఉందండీ," అన్నారు బసవపున్నయ్య గారు. "జీవించి ఉంది కదా. అంచేత తింటోందని మనం ఊహించవచ్చు."

నాగుల్ మీరా గారు మర్యాదగా గొంతు సవరించుకున్నారు. "ఊహలెందుకు సార్, వెళ్ళి అడిగితే పోద్దిగా?"

ఇది విప్లవాత్మకమైన సూచన. దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, సభ్యులు వారం పాటు తమ తమ ఇళ్ళలోనూ, బంధువుల ఇళ్ళలోనూ, ఘంటసాల నుంచి పమిడిముక్కల దాకా తెలిసిన రైతుల ఇళ్ళలోనూ విచారించారు. వచ్చిన ఫలితం చూసి బసవపున్నయ్య గారు పులకించిపోయారు. పెద్దింటావిడను అడిగినా, పాలేరు భార్యను అడిగినా, ముసలమ్మను అడిగినా, నెలలు నిండిన పిల్లను అడిగినా జవాబు ఒక్కటే.

"ఏదో, ఇంత తింటామండీ."

"మా ఇంట్లో మాత్రం తేడా వచ్చిందండీ," అన్నారు నాగుల్ మీరా గారు విచారంగా. "మా ఇంటావిడ ఖాతూన్ని అడిగితే ‘ఇత్తా’ అంది."

"అంటే?"

"అంటే... ఇంతేనండి."

చప్పట్లు మోగాయి. కులం లేదు, మతం లేదు, ఎకరాల తేడా లేదు. మగవాళ్ళు ఎన్ని పార్టీలు పెట్టి ఎన్నేళ్ళు పోరాడినా తేలేకపోయిన సమానత్వాన్ని ఆడవాళ్ళు వంటింట్లో ఎప్పుడో సాధించి ఊరుకున్నారు. మావగారి కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో ఇంకో వాయి గారెలు కావాలని కబురొచ్చింది.

అయితే ‘ఇంత’ అనగా ఎంత? సర్కారుకు రాయాలంటే తూకం కావాలి. మా వారు శెట్టిగారి కొట్టు నుంచి త్రాసు తెచ్చారు. మా అత్తగారిని పిలిచి, "అమ్మా, ‘ఇంత’ అంటే ఎంతో చూపించు," అన్నారు. ఆవిడ అయిదు వేళ్ళూ దగ్గరగా ముడిచి గాలిలో చూపించింది. గాలిని తూచడం కుదరలేదు. పైగా మావగారు గదిలోకి రాగానే ఆ వేళ్ళు ఇంకా ముడుచుకున్నాయి. ఆయన బయటికి వెళ్తే కాస్త విచ్చుకున్నాయి. బసవపున్నయ్య గారు ఆయన్ను గుమ్మం లోపలికీ బయటికీ చాలాసార్లు నడిపించి, ‘ఇంత’ పరిమాణం సమీపంలో ఉన్న పురుషుడి దూరాన్ని బట్టి పెరుగుతుందని సిద్ధాంతీకరించారు. అది అర్థశాస్త్రంలో కొత్త సూత్రం. ఆ సూత్రాన్ని బట్టి మనం చేయవలసినది గదిలోంచి వెళ్ళిపోవడమేనా అని నాగుల్ మీరా గారు అడిగారు గాని, అది సంఘం పరిధిలోకి రాదని తోసిపుచ్చారు.

ఇక మిగిలింది ప్రత్యక్ష పరిశీలన. మా అత్తగారినీ, నన్నూ, వీరలక్ష్మినీ ఒక మధ్యాహ్నం కంచాల ముందు కూర్చోబెట్టి, ఎదురుగా నాలుగు కుర్చీలు వేసుకుని కార్యవర్గం ఆసీనమైంది.

"కానివ్వండమ్మా, మమ్మల్ని పట్టించుకోకండి," అన్నారు బసవపున్నయ్య గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

అత్తగారు కొంగు తలమీదికి లాక్కుంది. నాకు పొలమారింది. వీరలక్ష్మి ఒక్కతే కూర కలుపుకుని ముద్ద ఎత్తింది గాని, నలుగురు మగవాళ్ళ కళ్ళూ ఆ ముద్దతో పాటే పైకి లేవడం చూసి మళ్ళీ కంచంలో దించేసింది. గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. కూర్చున్నాం. అప్పుడు వాళ్ళకు మా వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. అన్నం చల్లారిపోయింది. పరిశీలన సంతృప్తికరంగా జరిగిందని మినిట్సులో రాశారు.

వాళ్ళు వీధిలోకి వచ్చేసరికి మా అరుగు మీద చేపల ఎల్లమ్మ కూర్చుని ఉంది. పొద్దున పాసింజరులో బందరు నుంచి గంపతో వచ్చి, అమ్మకం అయ్యాక మా అరుగు మీదే చద్దన్నం గిన్నె విప్పుకోవడం ఆవిడ అలవాటు. ఎండుచేప కొరికి, ఉల్లిపాయ నంజుకుని పెద్ద పెద్ద ముద్దలు తింటోంది. ఆడది తినడం అంత దగ్గరగా చూడడం కార్యవర్గానికి అదే మొదటిసారి. నలుగురూ నిలబడిపోయారు.

"అట్టా చూత్తన్నారేంది బాబూ? మీ ఇంట్లో పెట్టలేదా ఏంది? ఓ ముద్ద కావాలా?" అంది ఎల్లమ్మ.

"అహ, అది కాదమ్మా. నువ్వు పూటకి ఎంత తింటావు?" అని అడిగారు బసవపున్నయ్య గారు ఆశగా.

"కడుపు నిండేదాకా. లేకపోతే గంప నువ్వు మోత్తావా?"

ఈ జవాబు మీద సుదీర్ఘంగా చర్చించి, ఈమె సొంతంగా సంపాదించుకుంటోంది గనక స్త్రీల కింద జమ కట్టడం కుదరదని తీర్మానించారు.

నెలాఖరున బందరు సభ దివ్యంగా జరిగింది. ఒక కల్యాణమండపం తీసుకున్నారు. "స్త్రీ తింటే సీమ తిన్నట్టే" అని గుడ్డ మీద రాయించి కట్టారు. గుడివాడ నుంచి మేమూ, బందరు నుంచి మరికొందరు ఇల్లాళ్ళూ తెల్లవారకముందే వచ్చి వంట మొదలుపెట్టాం. పులిహోర, వంకాయ కూర, ములక్కాడల పప్పుచారు, బందరు లడ్డు. మొదటి పంక్తి అతిథులకు. రెండో పంక్తి కార్యవర్గానికి. మూడో పంక్తి విలేఖరులకు, ఫొటోగ్రాఫరుకు, మైకు వాళ్ళకు, కారు డ్రైవర్లకు. నాలుగో పంక్తి పూర్తిగా స్త్రీలకే కేటాయించారు. ఆ పంక్తికి వేళయ్యేసరికి ఉపన్యాసాల వేళయింది.

కనకరత్నం గారు మాత్రం, "నేను వాళ్ళతో తింటాన్లెండి," అని ఏ పంక్తిలోనూ కూర్చోలేదు. ఆవిడ నిరాడంబరతను మావగారు మైకులో ప్రశంసించారు. తర్వాత స్త్రీ జాతిని ప్రశంసించారు.

"సోదరులారా! స్త్రీ అంటే ఎవరు? అన్నపూర్ణ! లోకానికంతకీ అన్నం పెట్టిన తల్లి! ఆ తల్లి తాను తిన్నట్టు మీరు ఏ పురాణంలోనైనా విన్నారా?"

"లేదు, లేదు," అన్నారు భోంచేసి వచ్చిన వాళ్ళు.

"అదీ మన సంస్కృతి!"

చప్పట్లు సద్దుమణిగాక బసవపున్నయ్య గారు నివేదిక చదివారు. కృష్ణా డెల్టా స్త్రీ పూటకు ‘ఇంత’ తింటుందని నిర్ద్వంద్వంగా తేలిందనీ, ‘ఇంత’ అనగా ఎంత అన్నది మలి దశ పరిశోధనలో తేలుతుందనీ ప్రకటించారు. కనకరత్నం గారు చేతిలోని పెన్సిలు కింద పెట్టేశారు.

చివరి అంశం ఆదర్శ గర్భిణికి సత్కారం. అధ్యక్షుల వారి ఇంటి నుంచే ఆదర్శం మొదలవడం సబబు గనక వీరలక్ష్మిని వేదిక మీదికి పిలిచారు. తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్ల, మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. మావగారు ఆవిడ చేతిలో ఒక ఆపిల్ పండు పెట్టారు. బెజవాడ నుంచి తెప్పించిన పండు అది. ఒక్కటే తెప్పించారు. దాన్ని వీరలక్ష్మి చేతిలో ఉంచి ఫొటో తీసి, మళ్ళీ తీసుకుని తర్వాతి గర్భిణి చేతిలో పెట్టాలని, ఆ విధంగా ఒకే పండుతో వరుసలో ఉన్న వాళ్ళందరి పోషణా పూర్తిచేయాలని కార్యక్రమం.

"కదలకమ్మా, ఇటు చూడు," అన్నాడు ఫొటోగ్రాఫరు.

వీరలక్ష్మి కదలలేదు. అటూ ఇటూ చూడలేదు. పండును నోటి దగ్గరికి తీసుకుని కొరికింది. మైకు దగ్గరే ఉండడం వల్ల ఆ చప్పుడు మండపం చివరిదాకా వినిపించింది.

"ఏయ్, ఏయ్, అది ఫొటోకమ్మా!" అన్నారు మా వారు.

"ఉండనీయండి," అంటూ కనకరత్నం గారు లేచి వచ్చారు. "అమ్మాయ్, ఇవాళ ఏమైనా తిన్నావా?"

వీరలక్ష్మి నమలడం ఆపలేదు. లేదన్నట్టు తలూపింది.

"నిన్న?"

"ఇంత తిన్నానండి."

"ఇంత అంటే ఎంతమ్మా?"

వీరలక్ష్మి మింగింది. ఆ ప్రశ్నలో అంత కష్టమేముందో అర్థం కానట్టు ఆవిడ వంక చూసింది.

"అందరూ తిన్నాక ఎంత మిగిల్తే అంతేనండి."

మా కార్యవర్గానికి సిగ్గేసి ఉంటుందని మీరు అనుకోవచ్చు. అలాంటిదేమీ జరగలేదు. బసవపున్నయ్య గారు ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచారు. "దొరికింది! నిర్వచనం దొరికింది!" అన్నారు. తర్వాత అక్కడికక్కడే సంఘం తన చారిత్రక తీర్మానం చేసింది. స్త్రీల ఆహారం మిగులు మీద ఆధారపడి ఉన్నందున స్త్రీల పోషణ పెరగాలంటే మిగులు పెరగాలి. మిగులు పెరగాలంటే పురుషులు తినగా ఇక తినలేమన్న స్థితికి రావాలి. కాబట్టి మహిళాభ్యుదయం దృష్ట్యా డెల్టాలోని ప్రతి పురుషుడికీ అదనంగా బియ్యం, పప్పు, నెయ్యి మంజూరు చేయవలసిందిగా ప్రభుత్వాన్ని కోరడమైనది. తీర్మానాన్ని బలపరుస్తూ మూడో పంక్తి వాళ్ళు కూడా చేతులెత్తారు.

కనకరత్నం గారు సంచి భుజాన వేసుకున్నారు. మా పంక్తికి వచ్చేముందు మావగారిని పక్కకు పిలిచి నెమ్మదిగానే మాట్లాడారు గాని, పక్కనున్నాను గనక నాకు వినబడింది.

"వచ్చే నెల గుడివాడ వస్తానండీ. మీ కార్యవర్గాన్ని చూడ్డానికి కాదు. ఆ అమ్మాయి కళ్ళ రెప్పలు లాగి చూస్తాను. ఎర్రగా ఉంటే మీ సంఘం పనిచేస్తోందని రాస్తాను. తెల్లగా ఉంటే సంఘం లేదనే రాస్తాను."

నాలుగో పంక్తికి పులిహోర, చారు మిగిలాయి. కనకరత్నం గారు మాతో పాటే కూర్చుని, రైలుకు వేళయిందని సగంలో లేచారు. తిరుగు రైల్లో వీరలక్ష్మి కిటికీ పక్కన కళ్ళు మూసుకుని జారగిలబడింది. "మా అమ్మయితే ఈపాటికి..." అని ఏదో అనబోయి ఊరుకుంది. ఎదురుగా కూర్చున్న అత్తగారు ఆ మాట విని కూడా విననట్టు బయటికి చూస్తూ కూర్చుంది. పెడన దాటింది, కవుతరం దాటింది, ఆవిడ చూపు తిప్పలేదు. గుడ్లవల్లేరు రాగానే అత్తగారు వీరలక్ష్మి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో పండుగప్ప చేపల పులుసు. మావగారు, కొడుకులిద్దరూ పీటల మీద కూర్చున్నారు. అత్తగారు గరిటె పట్టుకుని నిలబడింది. నేను గుమ్మంలో. మావగారు అన్నం కలపకుండా గొంతు సవరించుకున్నారు. సర్వీసులో ఉన్నప్పుడు శిస్తు వాయిదా ప్రకటించేటప్పుడు ఆయన గొంతు అలాగే ఉండేదట.

"అందరూ వినండి. బాగా ఆలోచించి ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ క్షణం నుంచి కానుపయ్యేదాకా వీరలక్ష్మి మాతో పాటే మొదటి పంక్తిలో కూచుని తింటుంది. ఇందులో సంప్రదాయానికి వచ్చిన భంగమేమీ లేదు. ఆ అమ్మాయి కోడలి హోదాలో కూచోడం లేదు. కడుపులో ఉన్న నా మనవడి తరఫున కూచుంటోంది."

మా వారు "బాగుంది," అన్నారు. మా మరిది, తన పెళ్ళానికి తన పక్కన చోటిచ్చే ఘట్టంలో ముఖం ఎలా పెట్టాలో తెలియక, మంచినీళ్ళు తాగాడు. వీరలక్ష్మి ఒక్క క్షణం కూడా మొహమాటపడలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. నేను వేడన్నం వడ్డించాను. ఆవిడ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మరి ఆడపిల్లయితేనో?" అంది అత్తగారు, గరిటె గిన్నెలోనే ఉంచి.

మావగారికి ఈ అభ్యంతరం ముందుగా తోచినట్టు లేదు. "అలాంటి పరిస్థితే వస్తే అప్పుడు తీర్మానాన్ని పునఃపరిశీలిద్దాం," అన్నారు.

వీరలక్ష్మి చెయ్యి కంచంలో ఆగింది. మావగారి వంక చూసి, వినయంగా అంది.

"అయితే మావయ్యగారూ, ఎందుకైనా మంచిది, ఆడపిల్ల వాటా కూడా ఇప్పుడే వేయించేయండి. మీరు పునఃపరిశీలించాక దానికి దొరుకుద్దో లేదో!"

మా మరిదికి పొలమారింది. అత్తగారు నవ్వలేదు. గిన్నెలోంచి నడిమి ముక్క ఒకటి, దాని పక్కది ఇంకొకటి తీసి వీరలక్ష్మి కంచంలో వేసింది. అవి ఎవరి కోసం ఉంచిన ముక్కలో గిన్నె వైపే చూస్తున్న ముగ్గురికీ తెలుసు. తర్వాత ఆవిడ నడుం నిటారుగా పెట్టి నిలబడింది.

"మీరంతా తీర్మానాలు చేశారు. నేనూ ఒకటి చేస్తున్నా, వినండి. రేపట్నించి కూరా అన్నం పొయ్యి మీంచి దించగానే ముందు మా నలుగురి వాటా తీసి పక్కన పెడతా. నాదీ, పెద్దదానిదీ, చిన్నదానిదీ, దాని కడుపులోదానిదీ. ఆ మిగిలింది మీ పీటల దగ్గరికి తెస్తాం."

"ఇదేంటే! మరి మాకు చాలకపోతే?" అన్నారు మావగారు.

"సర్దుకోండి," అంది అత్తగారు.

సర్దుకోవడమనే మాట మా ఇంట్లో రోజుకు ఎన్నోసార్లు వాడబడేదే. ప్రతి క్రియకూ మూడు పురుషలుంటాయని కాలేజీలో మా తెలుగు మేష్టారు చెప్పారు. ఈ ఒక్క క్రియకు మాత్రం పురుషుడనేవాడే లేడని ఆ పూట తెలిసింది. అనుమానం ఉంటే మీ ఇంట్లో కూడా వడ్డనప్పుడు ఒకసారి అని చూడండి. మావగారు ఆ మాట విని పెద్దకొడుకు వైపు చూశారు. ఆయన తమ్ముడి వైపు చూశారు. ముగ్గురికీ అర్థం తెలియలేదు. చదువుకున్నదాన్ని కదా, చెబుతానేమోనని చివరికి ముగ్గురూ కలిసి నా వైపు చూశారు.

నేనప్పటికే వీరలక్ష్మి పక్కన పీట వాల్చుకుంటున్నాను.